టూరిజం ప్రమోషన్ డిప్లొమా చేద్దామనుకుంటున్నా, ఇంట్లో బీఎడ్ అంటున్నారు. ఏం చేయమంటారు?

పాలంపేట_పిల్ల

అందరికీ నమస్తే. మాది రామప్ప దగ్గర ఊరు. ఈ ఏడాదే బీఏ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) అయిపోయింది. హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో కమ్యూనిటీ కాలేజీ కింద టూరిజం ప్రమోషన్ అని ఏడాది డిప్లొమా ఉందని తెలిసింది. ఫీజు మరీ భయపడేంత లేదు. రోజూ బస్సులో పోయి రావచ్చు.

ఇంట్లో మాత్రం ఒప్పుకోవడం లేదు. మా బాపు ఒక్కటే మాట: "రామప్ప ఎనిమిది వందల ఏండ్ల సంది ఉంది. దాని గురించి చెప్పడానికి సర్టిఫికెట్ ఎందుకు? బీఎడ్ చేస్తే డీఎస్సీ అన్నా రాసుకోవచ్చు." అమ్మ ఏ మాటా అనదు కానీ ఆమె మనసులో కూడా టీచర్ ఉద్యోగమే ఉంది.

నాకు ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఇన్‌స్టాలో ఒక పేజీ నడుపుతున్నా. గుడి, చెరువు, వానాకాలంలో మా పొలాలు, ఇవే ఫోటోలు. లైకులు బాగానే వస్తాయి. కింద కామెంట్లలో, మెసేజుల్లో మాత్రం వేరే సంగతులు అడుగుతారు. "వరంగల్ నుంచి బస్సు ఉందా?", "అక్కడ రాత్రి ఉండొచ్చా?", "మా అమ్మమ్మ మెట్లెక్కలేదు, పర్వాలేదా?" అని. సగానికి నా దగ్గర సరైన జవాబు ఉండదు.

సిలబస్‌లో టూరిజం ప్రొడక్ట్స్, మార్కెటింగ్, కంప్యూటర్, కమ్యూనికేషన్ స్కిల్స్, ఆఖర్లో ఇంటర్న్‌షిప్ అని ఉంది. చదివితే ఏమీ అర్థం కాలేదు. అసలు ఇందులో ఏం నేర్పుతారు? తర్వాత ఉద్యోగం సంగతి ఏంటి? ఇలాంటిది చదివినవాళ్లు, ఈ లైన్‌లో ఉన్నవాళ్లు ఉంటే చెప్పండి. అడ్మిషన్లు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు

బీఎడ్ చెయ్యమ్మా. 2020 లాక్‌డౌన్‌లో ముందు మూతపడ్డది టూరిజమే, అందరికంటే ఆలస్యంగా తెరుచుకున్నదీ అదే. మా బావ ట్రావెల్ ఆఫీసులో పనిచేసేవాడు, ఆర్నెల్లు జీతం లేదు. ఇప్పుడు సొంతూళ్లో మెడికల్ షాపు పెట్టుకున్నాడు. సరదా కోసం ఇన్‌స్టా పేజీ ఎలాగూ ఉంది కదా.

పాతకాపు_హన్మకొండ

గోదారిగట్టు గారు చెప్పింది అబద్ధం కాదు. ఆ ఏడాది నేనూ ట్రావెల్స్‌లోనే ఉన్నా, ఆఫీసు అద్దె చేతినుంచి కట్టుకున్నా. అయినా చెల్లీ, నువ్వు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. చాలా ఏళ్లు టూర్లు నడిపి, ఇప్పుడు ఇలాంటి డిప్లొమా పిల్లలకు బయటి నుంచి వచ్చి క్లాసులు చెప్పేవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. ఓపికగా చదువు.

ముందు ఈ చదువు ఏమిటో చూడు. కమ్యూనిటీ కాలేజీల పథకం యూజీసీ (యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ) 2013-14లో మొదలుపెట్టింది. ఆర్నెల్లైతే సర్టిఫికెట్, ఏడాదైతే డిప్లొమా, రెండేళ్లైతే అడ్వాన్స్‌డ్ డిప్లొమా. ఏడాదికి 60 క్రెడిట్లు. గైడ్‌లైన్స్ ప్రకారం అందులో 36 చేతి పని నేర్పేవి, 24 మామూలు చదువు. కాగితం మీద లెక్క బాగుంటుంది. ఆ 36 క్రెడిట్లు నిజంగా బయట, పనిచేసే చోట గడుస్తాయా, లేక అవి కూడా బ్లాక్‌బోర్డు ముందే అయిపోతాయా అన్నదాన్ని బట్టి కోర్సు పనికొస్తుందో లేదో తేలుతుంది. చేరేముందు ఆఫీసు క్లర్కుని కాదు, పోయినేడాది చదివిన పిల్లల్ని పట్టుకో. "ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు, అక్కడ మీతో ఏం చేయించారు?" అని అడుగు. హోటల్ రిసెప్షన్‌లో మూడు నెలలు కుర్చీలు తుడిపించారంటే ఆ కోర్సు వద్దు. ఒక కాలేజీలో సరిగ్గా అదే జరిగింది, పేరు చెప్పను.

ఇక ఏం నేర్పుతారు అన్నావు. నా క్లాసులో మొదట ఏం జరుగుతుందో చెప్తా. రామప్ప మీద ఒక పేజీ బ్రోచర్ రాసుకు రమ్మంటాను. ఏ బ్యాచ్ అయినా సరే, సగం మంది కాగితాల్లో "ప్రకృతి ఒడిలో సేదతీరండి", మిగతా సగంలో "కాకతీయుల కళావైభవానికి నిలువెత్తు సాక్ష్యం". ఎర్ర పెన్నుతో రెండూ కొట్టేస్తా. కొట్టేసి ఇంకో ప్రశ్న ఇస్తా: విజయవాడ నుంచి ఒకాయన, భార్య, ఇద్దరు పిల్లలు, డెబ్బై ఏళ్ల తల్లి. తెల్లవారుజామున ఐదున్నరకు వరంగల్ స్టేషన్‌లో దిగారు. ఇప్పుడు ఏం చేయాలి?

అప్పుడు చూడాలి వాళ్ల మొహాలు. సామాను ఎక్కడ పెట్టాలి? ఆ టైమ్‌కి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుంది? ములుగు బస్సు హన్మకొండ బస్టాండ్‌లో ఎక్కాలి, కానీ రైలు దిగింది వరంగల్‌లో. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగితే అక్కడినుంచి గుడి ఉన్న పాలంపేటకు ఏముంటుంది? ముసలామెకు బాత్రూమ్ ఎక్కడ? గుడి నక్షత్రం ఆకారంలో ఆరడుగుల ఎత్తు పీఠం మీద ఉంది, మెట్లెక్కాలి, చెప్పులు కిందే వదలాలి. ఏప్రిల్‌లో పన్నెండింటికి ఆ రాతి మీద ఉత్త కాళ్లతో నడిస్తే ఎవరికైనా శిల్పాలు కనపడతాయా? అందుకని ఎనిమిదింటికల్లా అక్కడుండేట్టు ప్లాన్ వేయాలి. గుడి తూర్పు ముఖం, పొద్దుటి ఎండ నేరుగా ముందు భాగం మీద పడుతుంది, ఫోటోలకు కూడా అదే మంచి సమయం. ఇదంతా తెలుసుకున్నాక రాసిన బ్రోచర్ చదివితే నాకే పోవాలనిపించింది ఒకసారి, వెయ్యిసార్లు చూసిన గుడికి.

నీ మెసేజుల్లో జనం అడిగేది అచ్చం ఇదే. మీ బాపు అడిగినదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. రామప్ప గురించి చెప్పడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, నిజమే. అంత దూరం నుంచి వచ్చినవాడు ఇబ్బంది పడకుండా చూసి, ఒక పూట ఎక్కువ ఉండి, మీ ఊళ్లో నాలుగు రూపాయలు ఖర్చు పెట్టి పోయేట్టు చేయడం మాత్రం నేర్చుకోవాల్సిన పనే. ఇప్పుడు ఏం జరుగుతోందో నువ్వే రోజూ చూస్తుంటావు. హైదరాబాద్ కారు వస్తుంది, గంటసేపు ఉంటారు, నంది పక్కన సెల్ఫీ, కొబ్బరికాయ, వెళ్లిపోతారు. మీ ఊరికి మిగిలేది పార్కింగ్ దుమ్ము.

రెండో పని కోటేషన్, అంటే ట్రిప్పుకు ఎంతవుతుందో లెక్క కట్టి చెప్పడం. పన్నెండు మంది, టెంపో ట్రావెలర్, రెండు రోజులు. హైదరాబాద్ నుంచి రామప్ప, లక్నవరం చెరువు చూసుకుని వెనక్కి వస్తే దగ్గరదగ్గర 500 కిలోమీటర్లు. బండి ఓనర్లు సాధారణంగా రోజుకు కనీసం 300 కిలోమీటర్లకు లెక్క కడతారు, అంటే తిరిగినా తిరగకపోయినా 600కి డబ్బు కట్టాల్సిందే. ఆ మిగిలిన వందను ఊరికే వదిలేసేవాడు ఆపరేటర్ కాదు. పస్రా మీదుగా మేడారం పోయి వచ్చినా అందులోనే సరిపోతుంది. జాతర లేని రోజుల్లో సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర ప్రశాంతంగా నిలబడి, బెల్లాన్ని బంగారం అని ఎందుకంటారో చెబితే వినే ఓపిక జనానికి ఉంటుంది. ఇలా రెండు రోజులూ నిండుగా గడుస్తాయి, రాత్రి లక్నవరంలో గది నిండుతుంది. తర్వాత డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్, గైడ్, టిఫిన్లు, ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ, చివర్లో మన మార్జిన్. ఎక్సెల్‌లో ఈ షీటు కళ్లు మూసుకుని చేయగలిగితే ఏ ట్రావెల్ ఆఫీసులో అయినా ఆపరేషన్స్‌లో కూర్చోబెడతారు. పిల్లలకు ఈ క్లాసంటే నిద్ర, నాకు మాత్రం ఇదే అసలు క్లాసు.

కథ చెప్పడం కూడా ఉంటుంది, అది మానేయమని కాదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, అప్పుడు గణపతిదేవుడు రాజు. ఇది ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోవాలి. శిఖరంలో వాడిన ఇటుక నీళ్లలో తేలుతుందని చెబితే పిల్లలు ఆగుతారు. మదనికల్లో (గుడి చూరు కింద నిలబడ్డ ఆడ శిల్పాలు) ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయని చూపిస్తే ఆడవాళ్లు ఫోన్లు తీస్తారు. కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు తిరిగి నిలబెట్టేటప్పుడు ఈ శిల్పాల భంగిమలే ఆధారమయ్యాయంటే పెద్దవాళ్లు మళ్లీ ఒకసారి తలెత్తి చూస్తారు. ఎవరికి ఏది చెప్పాలో తెలియడం ఒక విద్య. హిస్టరీ చదివావు కాబట్టి అందులో నీకు అందరికంటే సగం పని తక్కువ.

ఉద్యోగం సంగతి దాచకుండా చెప్తా. నేను చూసినంతలో మొదటి జీతం పన్నెండు, పదిహేను వేల మధ్య ఉంటుంది, పక్కింటి బీటెక్ అబ్బాయితో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. దసరా, సంక్రాంతి సెలవుల్లో ఊరంతా ఇంట్లో ఉంటే మనం బండిలో ఉంటాం. టూరిజం కార్పొరేషన్‌లో పోస్టులు పడతాయని కూర్చోవద్దు. ట్రావెల్ ఆపరేటర్లు, రిసార్టులు, ఈవెంట్ కంపెనీలు, స్కూల్ టూర్లు చేసేవాళ్లు, వీళ్ల దగ్గరే పని. మూడు నాలుగేళ్లకు నిలబడ్డవాళ్లు సొంతంగా పెట్టుకుంటారు. మా బ్యాచ్‌లలో అలా పెట్టుకున్న ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలే, మగపిల్లలు మధ్యలోనే వేరే లైన్‌కి జారుకున్నారు. కారణం ఏంటో నాకూ తెలియదు.

టవేరా_అన్న

నేను ములుగులో బండి నడుపుతా. సార్ చెప్పిన దానికి ఒకటి కలుపుతా. బొగత జలపాతం ఫోటోలు పెట్టేటోళ్లు ఏ నెలలో తీసిన్రో రాయరు. వానాకాలంల తీసిన ఫోటో మే నెలల ఎవడో షేర్ చేస్తడు. అది చూసి పిల్లగాండ్లతోని వస్తరు. అక్కడ చూస్తే బండలే ఎక్కువ, నీళ్లు సన్నగ కారుతుంటయ్. కోపమంతా డ్రైవర్ మీద. "నువ్వు ముందే చెప్పొద్దా" అంటరు. నేను చెప్పినా వినరు, ఫోన్ల చూపిస్తరు.

జులై, ఆగస్టుల మళ్ల వేరే లొల్లి. వరద బాగొస్తే లోపలికి వదలరు, గేటు కాడి నుంచి వాపస్. అప్పుడు గూడ డ్రైవరే చెడ్డోడు.

చెల్లీ, నువ్వు చదివినా చదవకున్నా నీ పేజీల ఫోటో కింద నెల పేరు రాయి. మాకు తిట్లు తగ్గుతయ్.

ఖమ్మం_టు_ఓర్లాండో

మాది ఖమ్మం, ఇప్పుడు ఫ్లోరిడాలో ఓర్లాండో. మావారి ఉద్యోగం మీద వచ్చాం. హెచ్4 (ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద చదవొచ్చు, విడిగా పర్మిట్ లేకుండా పని చేయకూడదు కదా, అందుకని ఇంట్లో కూర్చోలేక వలెన్సియా కాలేజీలో హాస్పిటాలిటీ అండ్ టూరిజం మేనేజ్‌మెంట్‌లో చేరాను. 2011 దాకా దాని పేరు వలెన్సియా కమ్యూనిటీ కాలేజీ. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. క్లాసులో నా పక్కన హోటల్లో రాత్రి డ్యూటీ చేసి వచ్చే నలభై ఏళ్లావిడ, ఇటువైపు పద్దెనిమిదేళ్ల పిల్లాడు. పాఠం చెప్పేటప్పుడు ప్రొఫెసర్ ఒక మాట అంటే వెనకనుంచి ఎవరో "మా హోటల్లో అలా చేయరు" అంటారు, ఇక అరగంట అదే చర్చ. మన కాలేజీల్లో ఇలా ఉంటే బాగుండేదని నాకు రోజూ అనిపిస్తుంది.

ఇక్కడ నాకు బాగా పట్టేసిన పాఠం ఒకటుంది. ప్రచారానికి డబ్బు ఎవరిస్తారు అన్నది. 1971లో డిస్నీ వరల్డ్ తెరవక ముందు ఈ చుట్టుపక్కలంతా నారింజ తోటలు. ఇప్పుడు ఇక్కడి ఆరెంజ్ కౌంటీలో హోటల్ గది తీసుకున్న ప్రతివాడూ బిల్లుతో పాటు 6 శాతం టూరిస్ట్ పన్ను కడతాడు. విజిట్ ఓర్లాండో అనే ప్రచార సంస్థకు, కన్వెన్షన్ సెంటర్‌కు ఆ పన్నులోంచే డబ్బు వెళ్తుంది. అంటే వచ్చినవాడి డబ్బుతోనే రాబోయేవాడిని పిలుస్తారు. దాంతో ఏమవుతుందంటే ఏ ప్రకటన చేసినా లెక్క అడుగుతారు: దీనివల్ల ఎన్ని గదులు, ఎన్ని రాత్రులు నిండాయి? వీడియోకి ఎన్ని వ్యూస్ వచ్చాయని చెబితే ఎవరూ పట్టించుకోరు.

పాతకాపు గారూ, మన దగ్గర ఆ లెక్క అడిగేవాళ్లు ఉన్నారా అండి? ప్రభుత్వం ఖర్చుపెట్టి ప్రకటన ఇస్తుంది, మంత్రి గారి ఫోటో పెద్దగా, గుడి ఫోటో చిన్నగా ఉంటుంది, ఫోన్ నంబర్ ఉండదు. విసురు కాదు, నిజంగానే అడుగుతున్నా.

పాలంపేట_పిల్లా, నువ్వు నీ పేజీతోనే ఆ లెక్క మొదలుపెట్టొచ్చు. నీ పోస్ట్ చూసి వచ్చామన్నవాళ్లను మూడు అడుగు: ఎక్కడినుంచి వచ్చారు, ఎలా వచ్చారు, రాత్రి ఎక్కడ ఉన్నారు. ఒక నోట్‌బుక్‌లో రాసుకో చాలు. ఇంటర్వ్యూలో లైకుల సంఖ్య చెప్పేకంటే ఆ నోట్‌బుక్ చూపిస్తే ఎక్కువ పనిచేస్తుంది.

పాతకాపు_హన్మకొండ

ఖమ్మం అమ్మా, విసురైనా పర్వాలేదు, తగలాల్సిన చోటే తగిలింది. లెక్క అడిగేవాళ్లు ఉన్నారు, ప్రైవేటు రిసార్టు ఓనర్లు. వాళ్ల డబ్బు కాబట్టి అడుగుతారు. అందుకే పిల్లలకు ఇంటర్న్‌షిప్ ఆఫీసుల్లో కాకుండా అలాంటి చోట వెతకమంటాను.

టవేరా తమ్ముడూ, నీ బొగత సంగతి రేపు క్లాసులో వాడుకుంటా. ఎప్పుడు రావాలో ఎంత గట్టిగా చెప్తామో, ఎప్పుడు రాకూడదో కూడా అంతే గట్టిగా చెప్పాలని నేను మొత్తుకుంటుంటే పిల్లలు నమ్మరు. "రావద్దంటే ప్రమోషన్ ఎలా అవుతుంది సార్" అంటారు. మేడారం జాతర వారంలో రామప్ప చూద్దామని వచ్చి, ఆ దారిలో ట్రాఫిక్‌లో పూటంతా ఇరుక్కున్న కుటుంబం మళ్లీ జన్మలో ఇటు రాదు. వాళ్లకు ముందే "ఈ వారం వద్దు, దసరా అయ్యాక రండి, చెరువులు నిండుగా ఉంటాయి" అని చెప్పినవాడు ఒక కస్టమర్‌ను మిగిల్చుకున్నట్టే.

పాలంపేట_పిల్ల

ఇంత రాస్తారనుకోలేదు. అందరికీ థాంక్స్. టవేరా అన్నా, ఇవాళే పాత పోస్టులన్నిటికీ నెల పేరు పెడుతున్నా. గుడి ఫోటోలకు పెద్ద తేడా లేదు కానీ చెరువు ఫోటోలకు చాలా తేడా ఉంది, నాకే ఎప్పుడూ తట్టలేదు.

పాతకాపు సార్ రాసింది బాపుకు చదివి వినిపించా. "పార్కింగ్ దుమ్ము" దగ్గర నవ్వాడు. విజయవాడ కుటుంబం ప్రశ్న దగ్గర మాత్రం తనే మొదలుపెట్టాడు, జంగాలపల్లి దగ్గర ఏ ఆటో ఎప్పుడుంటుందో, ఎవరింట్లో అడిగితే అన్నం వండి పెడతారో అన్నీ ఆయనకే తెలుసు! బీఎడ్ మాట మాత్రం వదల్లేదు. ఎంట్రన్స్ రాయమన్నాడు, సరే అన్నా.

ఇంకో రెండు డౌట్లు సార్. గుడిలో ఫోటోలు, వీడియోలు తీయడానికి పర్మిషన్ కావాలా? గైడ్‌గా చేయాలంటే ఈ డిప్లొమా సరిపోతుందా?

పాతకాపు_హన్మకొండ

రామప్ప పురావస్తు శాఖ, అదే ఏఎస్ఐ కింద ఉంది. ఫోన్‌తో మామూలు ఫోటోలు తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ట్రైపాడ్ పెట్టావంటే అనుమతి కావాలి, డ్రోన్ సంగతి అసలు ఆలోచించకు. పెళ్లి షూటింగ్ వాళ్లు చెప్పకుండా లైట్లు తెచ్చి గొడవపడటం నువ్వూ చూసే ఉంటావు.

గైడ్ పని వేరు, ఈ డిప్లొమా వేరు. కేంద్ర పర్యాటక శాఖ ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ అని ఆన్‌లైన్ కోర్సు ఒకటి పెట్టింది, పరీక్ష పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. డిప్లొమా చదువుతూ పక్కన అది చేసుకోవచ్చు. కాలేజీలో సీటు కుదరకపోతే దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో టూరిజం స్టడీస్ ఆర్నెల్ల సర్టిఫికెట్ కూడా ఉంది. ఇంట్లో ఉండి చదవొచ్చు, కానీ కోటేషన్ షీటు అక్కడ ఎవరూ దగ్గరుండి చేయించరు.

బీఎడ్ ఎంట్రన్స్ రాయి, తప్పేం లేదు. డిప్లొమాలో చేరితే ఇంటర్న్‌షిప్‌కి లక్నవరం వైపు అడుగు, హన్మకొండలో ఆఫీసు వద్దు. మీ బాపు చెప్పిన ఆ ఆటోల టైములు, అన్నం పెట్టే ఇళ్లు ఈ రాత్రే కాగితం మీద పెట్టు, ఫోన్ నంబర్లు వాళ్లనడిగి రాసుకో. కాలేజీకి అప్లికేషన్ ఇచ్చేటప్పుడు టీసీ, డిగ్రీ మెమోల జిరాక్సులు రెండేసి సెట్లు తీసుకుపో, ఒకటి వాళ్ల దగ్గర కచ్చితంగా ఎక్కడో పోతుంది.